చౌక చెక్క.. చిన్న గుడ్డు!

కోళ్ల దాణాలో అమైనో ఆమ్లాల సమతూకం

కోళ్ల పెంపకంలో పెట్టే ప్రతి 100 రూపాయల్లో 65 నుంచి 75 రూపాయలు దాణాకే పోతాయి. ఆ దాణాలో మొక్కజొన్న తర్వాత ఎక్కువ డబ్బు గుంజేది చెక్క. అందుకే దాణా సొంతంగా కలుపుకునే చిన్న రైతు ఖర్చు తగ్గించాలనుకుంటే ముందు చెక్క మీదే చెయ్యి వేస్తాడు. సోయా రేటు పెరిగితే వేరుశనగ చెక్క, అదీ పెరిగితే పొద్దుతిరుగుడు చెక్క, అదీ కాదంటే ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వస్తున్న డీడీజీఎస్. కొట్టు దగ్గర జరిగే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే.

‘‘ప్రోటీన్ ఎంతుందండీ?’’

‘‘నలభై అయిదు గ్యారంటీ అండీ. సోయాతో సమానం. రేటు చూస్తే కిలోకి ఏడు రూపాయలు తక్కువ.’’

బస్తాలు ఆటో ఎక్కేస్తాయి. కొన్ని వారాలు తిరక్కుండానే గుడ్డు సైజు తగ్గుతుంది. తర్వాత గుడ్ల సంఖ్య కూడా జారుతుంది. కొనేవాడు చిన్న గుడ్డని ధర కోస్తాడు. రైతు జబ్బేమోనని మందుల షాపుకు పరుగెడతాడు. టానిక్కులకు నాలుగు డబ్బులు పోస్తాడు. అయినా గుడ్డు పెరగదు. ఎందుకంటే తిరకాసు ఆ చౌక బస్తాలోనే ఉంది. కొట్టతను చెప్పిన 45 శాతం నిజమే కావచ్చు. కానీ కోడికి కావలసింది ఆ 45లో ఏమేం ఉన్నాయన్నది.

తలుపులు పది, బందులు ఆరు

మాంసకృత్తులు, అదే మనం ప్రోటీన్ అనేవి, ఒకే పదార్థం కాదు. 20 రకాల అమైనో ఆమ్లాలు రకరకాలుగా కూడితే అవి తయారవుతాయి. వీటిలో కొన్నిటిని కోడి తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. సుమారు 10 రకాలను మాత్రం తయారు చేసుకోలేదు. అవి దాణాలోంచే రావాలి. లైసిన్, మిథియోనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్, ఆర్జినైన్, వాలీన్ లాంటివి ఈ జాబితాలోవే. పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మన దాణాల్లో ముందుగా కొరత పడేవి రెండే. మొక్కజొన్న, సోయా దాణాలో మొదట తగ్గేది మిథియోనిన్. ఆ తర్వాత లైసిన్. సోయా తగ్గించి వేరే చెక్కలు పెంచితే లైసిన్ కొరత ముందుకొస్తుంది.

ఇల్లు కట్టేటప్పుడు పది తలుపులకు సరిపడా టేకు చెక్క తెచ్చారనుకోండి. మడత బందులు మాత్రం ఆరు తలుపులకే ఉన్నాయి. వడ్రంగి ఎంత పనిమంతుడైనా నిలబడేవి ఆరు తలుపులే. మిగిలిన నాలుగింటి చెక్క వాకిట్లో ఎండకు ఎండి వానకు తడుస్తుంది. కోడి ఒంట్లో జరిగేదీ అదే. మిథియోనిన్ ఆరింటికే ఉంటే మిగతా ఆమ్లాలు ఎన్ని ఉన్నా ఆరింటి పనే అవుతుంది. తలుపు చెక్కనైతే దాచుకోవచ్చు. మిగిలిన అమైనో ఆమ్లాలను కోడి కొవ్వులా దాచుకోలేదు. వాటిని విరగ్గొట్టి, అందులోని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా రెట్టలో పారేస్తుంది. ఆ పారేసే పనికి కూడా కోడి శక్తి ఖర్చు పెట్టాలి, నీళ్లు ఎక్కువ తాగాలి. అంటే మీరు కొన్న చెక్కలో కొంత భాగాన్ని డబ్బిచ్చి మరీ పెంటకుప్పకు చేరుస్తున్నారన్నమాట.

ఇంకో సంగతి. ఒక గుడ్డులో 6 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. వాటిలో అమైనో ఆమ్లాల పాళ్లు ఇంచుమించు మారవు. దాణాలో మిథియోనిన్ తక్కువైందని కోడి మిథియోనిన్ తక్కువ గుడ్డు పెట్టదు. గుడ్డును చిన్నది చేస్తుంది, ఇంకా కొరతైతే గుడ్డు మానేస్తుంది. మనుషుల్లా కల్తీ చేయడం కోడికి తెలియదు.

అన్నం, పప్పు లెక్కే

ఇది మనకు కొత్త విషయమేం కాదు. అన్నంలో పప్పు కలుపుకుంటాం, ఇడ్లీకి బియ్యంతో పాటు మినపప్పు రుబ్బుతాం. ధాన్యాల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. దాణాలోనూ అంతే. మొక్కజొన్నలో మాంసకృత్తులు 8.5 శాతం ఉన్నా లైసిన్ 0.25 శాతమే. సోయా చెక్కలో లైసిన్ 2.8 శాతం దాకా ఉంటుంది. మిథియోనిన్ మాత్రం 0.6 శాతమే. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు సోయాతో సమానంగా ఉన్నా లైసిన్ సగానికి కాస్త ఎక్కువ, 1.5 శాతం దగ్గర. నువ్వుల చెక్క తీరు వేరు. అందులో మిథియోనిన్ సోయాకు ఇంచుమించు రెట్టింపు, లైసిన్ బాగా తక్కువ. అందుకే సోయాతో కొంచెం నువ్వుల చెక్క కలిస్తే పొత్తు కుదురుతుంది. పొద్దుతిరుగుడు చెక్కదీ కొంతవరకు ఇదే గుణం, అయితే అందులో పీచు ఎక్కువ. సజ్జలు దొరికే ప్రాంతాల వారికి ఒక మాట. సజ్జల్లో మొక్కజొన్న కన్నా మాంసకృత్తులూ లైసిన్ కూడా కాస్త ఎక్కువే.

కాగితం మీద లెక్క

ఈ విషయం లెక్కలో చూస్తేనే బాగా ఎక్కుతుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 గ్రాముల దాణా తింటుందనుకుందాం. 100 కిలోల దాణా అంటే 1000 కోళ్లకు ఒక రోజు మేత. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో వేసిన లెక్క ప్రకారం తెల్ల గుడ్ల కోడికి రోజుకు లైసిన్ 690 మిల్లీగ్రాములు, మిథియోనిన్ 300 మిల్లీగ్రాములు కావాలి. అంటే 1000 కోళ్లకు రోజుకు లైసిన్ 690 గ్రాములు, మిథియోనిన్ 300 గ్రాములు. ఇప్పటి హైబ్రిడ్ కోళ్లకు హేచరీల వాళ్లిచ్చే పుస్తకాలు ఇంతకన్నా ఎక్కువే అడుగుతాయి. కాబట్టి దీన్ని అడుగు గీతగా తీసుకోండి.

మొదటి దాణా. మొక్కజొన్న 54 కిలోలు, సోయా చెక్క 22, నూనె తీసిన తవుడు 12, సున్నపురాయి లేదా ఆల్చిప్పల గుల్ల 10, డీసీపీ 1, ఉప్పు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ కలిపి 1 కిలో. మొత్తం 100. ఇందులో మాంసకృత్తులు 16 శాతం పైచిలుకు. లైసిన్ కూడితే మొక్కజొన్న నుంచి 135 గ్రాములు, సోయా నుంచి 616, తవుడు నుంచి 66, మొత్తం 820 గ్రాముల దాకా వస్తుంది. 690 కావలసిన చోట 820, ఫరవాలేదు. మిథియోనిన్ కూడితే 260 గ్రాములే తేలుతుంది. 40 గ్రాములు తక్కువ. సోయా ఇంత వేసినా తక్కువే, చూశారా!

రెండో దాణా. అన్నీ అవే. సోయా 22 కిలోలు తీసేసి ఆ చోట వేరుశనగ చెక్క 22 కిలోలు వేశాం. మాంసకృత్తులు చూస్తే అదే 16 శాతం. ల్యాబ్‌కు పంపితే రెండు దాణాలకూ ఒకే మార్కు పడుతుంది. కానీ లైసిన్ 530 గ్రాములకు పడిపోయింది. మిథియోనిన్ 225 దగ్గర ఆగింది. అంటే 1000 కోళ్లకు రోజూ 160 గ్రాముల లైసిన్, 75 గ్రాముల మిథియోనిన్ అప్పు. ఆ అప్పు గుడ్డు సైజులోంచి వసూలవుతుంది.

మూడో దారి ఉంది. సోయా 11, వేరుశనగ 11 కిలోలు. అప్పుడు లైసిన్ 675 గ్రాములు, మిథియోనిన్ 245 గ్రాములు. లోటు 15, 55 గ్రాములు మాత్రమే. దీన్ని చిటికెడు మందుతో పూడ్చుకోవచ్చు. ఎలాగో కింద చెబుతాను.

ఈ అంకెలన్నీ సగటున వేసినవి. మీ బస్తాలో ఉన్నది కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లాడుంటే వాడి చేత వేయించండి, వాడికీ గుణకారం వస్తుంది.

రేటు ఎలా చూడాలి?

సోయా కిలో 45 రూపాయలు, వేరుశనగ చెక్క 38 రూపాయలు అనుకుందాం. రెండిట్లోనూ ప్రోటీన్ 45 శాతమే. ప్రోటీన్ లెక్కన కిలో సోయా ప్రోటీన్ 100 రూపాయలు పడింది, వేరుశనగది 84 రూపాయలు. వేరుశనగ చౌక అనిపిస్తుంది. ఇప్పుడు లైసిన్ లెక్క చూడండి. సోయా 100 కిలోలకు 4500 రూపాయలు పోసి 2.8 కిలోల లైసిన్ తెచ్చుకున్నారు. కిలో లైసిన్ 1600 రూపాయల పైన పడింది. వేరుశనగ 100 కిలోలకు 3800 పోసి తెచ్చింది 1.5 కిలోలు. కిలో 2500 దాటింది. చౌకేదో, ఖరీదేదో ఇప్పుడు చెప్పండి. మార్కెట్ రేట్లు రోజూ మారతాయి. మీరు కొనే రోజు రేటు పెట్టి ఈ లెక్క వేసుకోవాలి. సోయా మరీ మండిపోయినప్పుడు ఈ లెక్కే వేరుశనగ వైపు తిరగొచ్చు కూడా.

2021లో అలాంటి రోజులే చూశాం. సోయా చెక్క ధర ఆకాశానికెక్కింది. ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల సోయా చెక్క విదేశాల నుంచి తెచ్చుకోవడానికి అనుమతించింది. అలాంటప్పుడు పెద్ద ఫారాల్లో కంప్యూటర్ ఉంటుంది, పోషణ నిపుణుడు ఉంటాడు. సోయా తగ్గించినంత మేర లైసిన్, మిథియోనిన్ విడిగా కలిపి గట్టెక్కుతారు. చిన్న రైతు చెక్క మారుస్తాడు గానీ ఆ లోటు పూడ్చడు. ఒకే రేట్లకు పెద్ద ఫారం నిలబడి చిన్న షెడ్డు ఖాళీ కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దీన్ని దిద్దుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, పైన వేసిన లెక్క చాలు.

ప్రోటీన్ అంకె ఎలా మోసం చేస్తుంది?

ల్యాబ్‌లో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు. వచ్చిన అంకే ముడి మాంసకృత్తులు. నత్రజని మాంసకృత్తుల నుంచి వచ్చిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అన్నది ఆ పరీక్షకు తెలియదు. ఇక్కడే కొందరు మోసగాళ్లకు దారి దొరికింది. మనం పొలంలో చల్లే యూరియాలో నత్రజని 46 శాతం. 6.25తో గుణించండి, 287 వస్తుంది! 14 శాతం ప్రోటీన్ ఉన్న తవుడులో నూటికి 2 కిలోల యూరియా కలిపితే కాగితం మీద 19 శాతం దాటుతుంది. పశువుల గడ్డికి యూరియా పట్టిస్తాం కదా, కోడికి ఏమవుతుందిలే అనుకోవద్దు. పశువు పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు యూరియాను మాంసకృత్తులుగా మారుస్తాయి. కోడికి ఆ ఏర్పాటు లేదు. యూరియా దానికి దండగ, ఎక్కువైతే హాని.

అనుమానం వస్తే ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటుంది. పచ్చి సోయా గింజలను, అంటే వేయించనివి, పొడి చేయండి. అనుమానం ఉన్న తవుడో చెక్కో గుప్పెడు తీసుకుని, ఈ పొడి రెండు చెంచాలు కలిపి, గోరువెచ్చని నీళ్లతో తడిపి మూత బిగించండి. అరగంట తర్వాత మూత తీస్తే ముక్కు పుటాలదిరే అమ్మోనియా ఘాటు వస్తే యూరియా ఉందనే అనుమానించాలి. పచ్చి సోయాలో ఉండే యూరియేజ్ అనే ఎంజైము యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది. ఇది సూచన మాత్రమే. డబ్బు వాపసు అడగాలంటే ల్యాబ్ కాగితం ఉండాలి.

అదే యూరియేజ్ సోయా చెక్క నాణ్యతకూ కొలబద్ద. పచ్చి సోయాలో మాంసకృత్తులను జీర్ణం కానివ్వని పదార్థాలుంటాయి. వేడి చేస్తే అవి పోతాయి. సరిగా వేడి తగలని చెక్కలో యూరియేజ్ మిగిలిపోతుంది. పరీక్షలో పీహెచ్ పెరుగుదల 0.05 నుంచి 0.20 మధ్య ఉంటే చెక్క బాగా ఉడికినట్టు. ఎక్కువుంటే పచ్చి. సున్నా దగ్గరుంటే మాడి ఉండొచ్చు. మాడితే ఇంకో నష్టం. అధిక వేడికి లైసిన్ చక్కెర పదార్థాలతో ముడిపడిపోతుంది, కోడికి దక్కదు. ప్రోటీన్ అంకె మాత్రం చెక్కు చెదరదు. ముదురు గోధుమ రంగు, మాడు వాసన ఉన్న సోయా చెక్క ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోవద్దు. ఆదిలాబాద్ వైపు సోయా పండించే రైతులు కొందరు సొంత గింజలను పచ్చివే ఆడించి కోళ్లకు పెడుతుంటారు. వేయించకుండా పెట్టొద్దు.

డీడీజీఎస్ గురించి చాలామంది అడుగుతున్నారు. నూకల నుంచి తీసినదాంట్లో ప్రోటీన్ బాగానే ఉంటుంది, మొక్కజొన్నదాంట్లో అంతకన్నా తక్కువ. రెండిట్లోనూ లైసిన్ తక్కువ, ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే ఆ కాస్తా చెడుతుంది. రంగు లేతగా ఉన్నది మేలు. కొద్ది పాళ్లలో వాడుకోవచ్చు, లైసిన్ విడిగా కలుపుకుంటేనే. ఈకల పొడిలో ప్రోటీన్ 80 శాతం పైనే, జీర్ణమయ్యేది మాత్రం తక్కువ. ఎండు చేపల పొడి మంచిదే, లైసిన్, మిథియోనిన్ రెండూ ఉంటాయి. కానీ ఇసుక, ఉప్పు ఎంతున్నాయో చూసుకోండి. ఉప్పు మించితే రెట్టలు నీళ్లలా అవుతాయి.

వేరుశనగ చెక్కతో ఇంకో ముప్పు బూజు విషం, అంటే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన వేరుశనగ చెక్క అని తేలింది. ఆ తర్వాతే ఈ విషానికి పేరు పెట్టారు. వానాకాలంలో తడి తగిలిన చెక్క ఎంత చౌకైనా గేటు దాటనివ్వకండి.

షెడ్డులో ఏం కనిపిస్తుంది?

మిథియోనిన్ కొరత మొదట గుడ్డు బరువులో కనిపిస్తుంది. వారానికోసారి ఒకే వరస నుంచి 100 గుడ్లు తీసి తూచి కేలండర్ మీద రాసుకోండి. కోడి వయసు పెరిగే కొద్దీ గుడ్డు బరువు పెరగాలి. తగ్గిందంటే ఆ వారం దాణాలో ఏం మార్చారో వెనక్కి చూడండి. ఈకలు సరిగా రాకపోవడం, ఒకదాని ఈకలు ఇంకొకటి పీక్కు తినడం, పొడుచుకోవడం కూడా మిథియోనిన్ కొరతకు గుర్తులే. ఈకకు గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ కావాలి. బ్రాయిలర్లలో అయితే పిల్లలు ఒకే సైజులో ఎదగవు, మేత ఎక్కువ తింటాయి, రొమ్ము కండ తగ్గి కొవ్వు పడుతుంది.

అయితే ఈ గుర్తులన్నీ దాణా వల్లే వస్తాయని కాదు. ఎండ దెబ్బ, నీళ్ల కొరత, కిక్కిరిసిన కేజీలు, వెలుతురు తేడా, ఉప్పు తక్కువవడం, కొక్కెర లాంటి జబ్బులు కూడా గుడ్డును తగ్గిస్తాయి. పశువైద్యుడికి చూపించి జబ్బు లేదని తేల్చుకున్నాక దాణా లెక్క తీయండి.

రోహిణి కార్తెలో

రోళ్లు పగిలే ఎండల్లో కోడి మేత తగ్గించేస్తుంది. 100 గ్రాములు తినేది 90, ఒక్కోసారి 80 గ్రాములకు దిగుతుంది. దాని అవసరం మాత్రం తగ్గదు. 690 మిల్లీగ్రాముల లైసిన్ 90 గ్రాముల్లోనే అందాలంటే దాణాలో 0.77 శాతం ఉండాలి. మిథియోనిన్ 0.33 శాతం ఉండాలి. ఇక్కడ చాలామంది సోయా పెంచేసి ప్రోటీన్ 18, 19కి తీసుకెళతారు. అది పొరపాటు. మిగులు ప్రోటీన్‌ను విరగ్గొట్టే పనిలో కోడి ఒంట్లో వేడి పుడుతుంది. అసలే వేడికి నోరు తెరిచి రొప్పుతున్న కోడికి లోపల పొయ్యి రాజేసినట్టవుతుంది. ఎండాకాలం ప్రోటీన్ అంతే ఉంచి లైసిన్, మిథియోనిన్ మాత్రం విడిగా పెంచాలి. మేత తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేయాలి.

ప్రోటీన్ ఎక్కువైతే వచ్చే ఇంకో తంటా ఊళ్లో అందరికీ తెలిసిందే. అనపర్తి, తణుకు వైపు గానీ, తెలంగాణలో షెడ్లు ఎక్కువున్న ఊళ్లలో గానీ కంపు, ఈగలు అని ఎన్ని తగాదాలు! రెట్టలో నత్రజని పెరిగే కొద్దీ అమ్మోనియా పెరుగుతుంది, తేమ పెరుగుతుంది, ఈగ గుడ్లు పెడుతుంది. అమైనో ఆమ్లాలు సరిచూసుకుని దాణాలో ప్రోటీన్ ఒక శాతం తగ్గిస్తే రెట్టలో పోయే నత్రజని సుమారు 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. పంచాయతీలో ఇరుగుపొరుగుకు జవాబు చెప్పుకునే బాధ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

మిథియోనిన్, లైసిన్ కలపడం

మిథియోనిన్ తెల్లటి పొడిగా దొరుకుతుంది, గంధకం వాసన వేస్తుంది. సంచి మీద డీఎల్ మిథియోనిన్ 99 శాతం అని ఉండాలి. లైసిన్ అయితే ఎల్ లైసిన్ హైడ్రోక్లోరైడ్. అందులో అసలు లైసిన్ 78 శాతం. లైసిన్ సల్ఫేట్ అని ఇంకో రకం ఉంది, దాంట్లో పాళ్లు ఇంతకన్నా తక్కువ, కాబట్టి మోతాదు ఎక్కువ కావాలి. సంచి మీద లైసిన్ ఎంతో చదివే కొనండి. పాళ్లు ఏమీ రాయకుండా ‘శక్తి పెంచును, గుడ్డు పెంచును’ అని బొమ్మ వేసి అమ్మే డబ్బాల జోలికి పోవద్దు.

పైన చెప్పిన మొదటి దాణాకు 100 కిలోలకు మిథియోనిన్ 100 గ్రాములు కలిపితే 260 కాస్తా 360 అవుతుంది. సగం సగం చెక్కలు వేసిన దాణాకు మిథియోనిన్ 100 గ్రాములు, లైసిన్ హైడ్రోక్లోరైడ్ 100 గ్రాములు. మొత్తం వేరుశనగతోనే నడిపే దాణాకైతే లైసిన్ 250 గ్రాములు, మిథియోనిన్ 100 గ్రాములు వేయాలి. అయినా దాన్ని నేను మెచ్చను. లైసిన్, మిథియోనిన్ పూడ్చాక థ్రియోనిన్ అంచు మీదికి వస్తుంది, బూజు భయం ఎలాగూ ఉంది.

మంచిదని గుప్పెళ్లతో వేయకండి. అమైనో ఆమ్లాల్లో ఎక్కువైతే తొందరగా చెరుపు చేసేది మిథియోనినే, కోడి మేత మానేస్తుంది. లైసిన్ బాగా మించితే ఆర్జినైన్ అవసరం పెరుగుతుంది. తూకం అంటే తూకమే. బంగారం కొట్టు త్రాసు అక్కర్లేదు గానీ గ్రాములు చూపే చిన్న కాటా ఒకటి కొనండి.

ఇక కలపడం. 100 గ్రాముల పొడిని నేరుగా 100 కిలోల కుప్ప మీద చల్లితే ఒక కోడికి రెండు కోళ్ల వాటా, ఇంకో కోడికి ఏమీ లేకుండా పోతుంది. ముందు కిలో మొక్కజొన్న పిండిలో బాగా కలపండి. ఆ కిలోను 5 కిలోల పిండిలో కలపండి. ఆ తర్వాత పెద్ద కుప్పలో వేసి పారతో నాలుగైదు సార్లు ఇటు నుంచి అటు తిరగెయ్యండి.

బ్రాయిలర్లు, పెరటి కోళ్లు

కంపెనీ ఒప్పందం మీద బ్రాయిలర్లు పెంచే వారికి దాణా కంపెనీయే ఇస్తుంది, కూర్పు మీ చేతిలో లేదు. చెడగొట్టడం మాత్రం మీ చేతిలోనే ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2007లో నిర్ణయించిన ప్రకారం బ్రాయిలర్ స్టార్టర్‌లో లైసిన్ 1.2 శాతం, మిథియోనిన్ 0.5 శాతం ఉండాలి. దాణా ఆదా అవుతుందని 80 కిలోల స్టార్టర్‌లో 20 కిలోల నూకలు కలిపితే లైసిన్ 1.0 శాతానికి దిగుతుంది. పిల్ల కండ పట్టే వయసులో అది తిరిగి రాని నష్టం. ప్రీస్టార్టర్, స్టార్టర్, ఫినిషర్ వరస కూడా మార్చొద్దు.

పెరట్లో నాటు కోళ్లు, వనరాజా, గ్రామప్రియ లాంటివి పదో ఇరవయ్యో పెంచుకునే వారికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. తిరిగే కోడి పురుగులు, చెదలు, వానపాములు ఏరుకుని తన లైసిన్, మిథియోనిన్ తనే తెచ్చుకుంటుంది. నూకలు, తవుడు వేస్తే చాలు. కోళ్లు వందలకు పెరిగి, కంచె వేసి కట్టడి చేస్తే మాత్రం పురుగులు చాలవు. అప్పుడు చెక్క, మిథియోనిన్ తప్పవు. అజొల్లా పెంచి అదే చాలనుకునే వారున్నారు. అజొల్లాలో అమైనో ఆమ్లాలు మంచివే. కానీ తడి అజొల్లాలో నూటికి 93 నుంచి 95 పాళ్లు నీళ్లే. కిలో వేస్తే కోడికి దక్కే పొడి పదార్థం 50 నుంచి 70 గ్రాములు. తోడుగా వేయండి, దాణాకు బదులుగా కాదు.

నమూనా తీసే తీరు

లారీ దిగిన చెక్కను ఒక బస్తా నుంచే చూడొద్దు. అయిదారు బస్తాల్లో పైన, మధ్య, అడుగు నుంచి గుప్పెడు గుప్పెడు తీసి గోనె మీద కుప్ప పోయండి. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలింది కలిపి మళ్లీ అలాగే చేయండి. అర కిలో మిగిలే దాకా తగ్గించి రెండు పొడి ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. తేదీ, కొన్న కొట్టు, బస్తాల సంఖ్య రాయండి. ఒకటి ల్యాబ్‌కు, ఇంకోటి మీ దగ్గరే. పశువైద్య కళాశాలల్లో పశు పోషణ విభాగం వారిని గానీ, మీ మండల పశువైద్యుణ్ని గానీ ఎక్కడ పరీక్ష చేస్తారో అడగండి. ల్యాబ్ వాళ్లకు ముడి మాంసకృత్తులు ఒక్కటే చూడమని చెప్పకండి. యూరియా, ఇసుక, సోయా అయితే యూరియేజ్, వేరుశనగ అయితే అఫ్లాటాక్సిన్ కూడా చూడమని కాగితం మీద రాసివ్వండి. ఫలితం వచ్చే దాకా కొట్టు వాడి బిల్లు పారేయకండి.